క్లారాను నీళ్లలోకి దింపొద్దు

"క్లారాను కూడా రాసెయ్యి రాకీ! రాబిన్‌తోని ఒకటే పడవల కూసుంటది. మొగుడూ పెండ్లాం తెడ్లేసుకుంట పోతుంటే నేను ఒడ్డు మీద కూసోని చూస్త!"

క్లారా అత్త ఎవాంజెలిన్ అన్న ఆ మాటకు ఇంట్లో అందరూ గొల్లున నవ్వారు. ఒక్క దయావతి నవ్వలేదు. ఆమె చేతిలోని అన్నం ముద్ద కంచంలోకి జారిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక కూతురి అత్తగారింట్లో భోజనానికి వెలిమెల వచ్చింది దయావతి. సంగారెడ్డిలో ఒక బడిలో టీచరు ఆమె. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఉన్నది ఒక్కగానొక్క కూతురు, క్లారా. పెళ్లయి ఇంకా ఏడాది కూడా నిండలేదు. అల్లుడు రాబిన్ ముత్తంగి దగ్గర ఒక గోదాములో సూపర్‌వైజరు. అతని తమ్ముడు రాకీ ఈమధ్యే సుల్తాన్‌పూర్‌లో ఉద్యోగంలో చేరాడు. వియ్యంకుడు కృపానందం పటాన్‌చెరులో ఒకే ఫ్యాక్టరీలో జీవితమంతా షిఫ్టులు చేసి, పోయిన నెలాఖరున రిటైరయ్యాడు. ఆయన ఇప్పటివరకూ సముద్రం చూడలేదు! పెళ్లయిన కొత్తలో భార్యను తీసుకుపోతానని మాటిచ్చాడట. సెలవు దొరికితే పిల్లల పరీక్షలు, పరీక్షలు లేకుంటే ఎవరికో ఒకరికి ఒంట్లో బాగుండకపోవడం... అట్లాగే బతుకంతా గడిచిపోయింది. అందుకే కొడుకులిద్దరూ కలిసి భీమిలి ప్రయాణం పెట్టారు. మంగళవారం సాయంత్రం లింగంపల్లిలో రైలు.

రాకీ ఫోను ముందర పెట్టుకుని అందరికీ వివరిస్తున్నాడు. "పొద్దుగాల అలలు తక్కువుంటయంట. గందుకే కయాకింగ్ పొద్దుగాలనే పెట్టిన. అది కాంగనే రుషికొండల జెట్ స్కీ. ఎండ తగ్గినంక తొట్లకొండ ఎక్కుదాం, మీదికెంచి సముద్రం మొత్తం కనిపిస్తదంట. రెండో రోజు స్కూబా! వదినా, నీళ్ల అడుగుకు పోతే చేపలు మన ముఖం ముందలికెంచే పోతయంట, తెలుసా?"

"నాకవన్నీ వద్దురా" అన్నాడు కృపానందం సిగ్గుపడుతూ. "ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకోని నీళ్లల్ల నిలవడత. నాకు గంతే చాలు."

ఎవాంజెలిన్ లోపలికి పోయి ఒక సంచీ తెచ్చింది. అందులోంచి నీళ్లలో వేసుకునే నిండు చేతుల డ్రెస్సు తీసి కోడలి భుజాలకు ఆనించి చూసింది. "నాకే నచ్చి తెచ్చిన వదినె. మెడ నిండుగున్నది, చేతులు నిండుగున్నయి. సంఘం ఆడోళ్లు ఫోటోలు చూసినా ఏమనరు!" అని దయావతి వైపు తిరిగి మురిసిపోయింది. క్లారా ఆ బట్టను చెంపకు ఆనించుకుంది. ఆ పిల్ల కళ్లలో ఎంత వెలుగు! అంత సంతోషంగా కూతుర్ని చూసి ఎన్నాళ్లయిందో దయావతికి గుర్తు లేదు. ఆ వెలుగును తన చేతులతో ఆర్పాలి... ఆర్పకపోతే బిడ్డే ఆరిపోవచ్చు!

ఎందుకంటే క్లారాకు మూర్ఛ ఉంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తొమ్మిదో తరగతిలో బడి ప్రార్థనలో నిలబడి ఉండగా మొదటిసారి పడిపోయింది. హైదరాబాదులో డాక్టరు చూసి ధైర్యం చెప్పాడు. మాత్రలు తప్పకుండా వేసుకుంటే అందరిలాగే చదువుకుంటుందనీ, పెళ్లి చేసుకుంటుందనీ, పిల్లల్ని కంటుందనీ అన్నాడు. "కానీ అమ్మా, నీళ్లతో మాత్రం ఆడుకోవద్దు. నీళ్లలో ఉన్నప్పుడు వస్తే మోకాలి లోతు కూడా ప్రాణం తీస్తుంది" అని వేలు చూపించి మరీ హెచ్చరించాడు. మాత్రలు పనిచేశాయి. కానీ జహీరాబాదు నుంచి ఒక సంబంధం వస్తే, దాచడం పాపమని దయావతి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వాళ్లు కాఫీ కూడా ముగించకుండా లేచిపోయారు. పోయినవాళ్లు ఊరుకున్నారా? నలుగురిలో చెప్పారు! తర్వాత కొన్నాళ్లు ఆరాధనలో క్లారా పక్కన కూర్చోవడానికి కూడా కొందరు తల్లులు తమ పిల్లల్ని పంపలేదు. ఆ పిల్ల గదిలోంచి బయటికి రావడం మానేసింది. ఆ తర్వాత రాబిన్ సంబంధం వచ్చింది. రాబిన్ క్లారాకు నచ్చాడు. ఆ రోజు క్లారా తల్లి కాళ్లు పట్టుకుని, "ఈసారి చెప్పకమ్మా... నీ కాళ్లు మొక్కుత, చెప్పకు! పెండ్లయినంక నేనే మెల్లగ చెప్పుకుంట" అని ఏడ్చింది. దయావతి వద్దంది, బతిమాలింది, చివరికి కూతురి కన్నీళ్లకు లొంగిపోయింది. ఆ 'మెల్లగా' ఇంతవరకూ రానేలేదు!

కంచం తీసుకుని వంటింట్లోకి పోయింది దయావతి. వెనకే వచ్చిన కూతురి చేయి పట్టుకుంది.

"ఏదన్న చెప్పు బిడ్డా. నీళ్లంటే భయమని చెప్పు, జ్వరమని చెప్పు..."

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" అంది క్లారా. "సింగూరుకు క్లాసు మొత్తం పోతే నేను పోలే. దోస్తులు నీళ్లల్ల ఆడుకుంటుంటే ఒడ్డు మీద వాళ్ల చెప్పులకు కావలి కూసున్న. ఒక్కసారి... ఒకే ఒక్కసారి! లైఫ్ జాకెట్ ఇస్తరు. రాబిన్ పక్కనే ఉంటడు."

"మాత్రలు ఏసుకుంటున్నవా?"

క్లారా చేయి విడిపించుకుని కంచం కడగసాగింది.

"క్లారా! నిన్నే అడుగుతున్న!"

"అత్తమ్మ చూసి ఏం గోళీలని అడిగింది. అప్పటి సంది భయపడి ఏసుకుంటలేను. పోయిన నెల రెండుసార్లు జెర సేపు ఏం తెల్వకుంట అయింది. పొయ్యి మీద పాలు పొంగి పోయినయి. ధ్యాస ఎక్కడ పెట్టినవని అత్తమ్మ తిట్టింది... గంతే."

దయావతి గోడకు ఆనుకుంది. గంతేనట! పొయ్యి ముందు నిలబడి తెలివి తప్పిన పిల్ల రేపు సముద్రం మీద... "నేను చెప్త బిడ్డా. ఇప్పుడే చెప్త. నిన్ను పోగొట్టుకోని నేను బతకలేను."

"చెప్పినవంటే నువ్వు నాకు అమ్మవే కాదు!" అంది క్లారా. ఏడుపు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంది.

ఆ మాట గుండెలో దిగబడింది. అయినా దయావతి ఆగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని ముందు గదిలోకి వచ్చింది. నిలబడే ఉంది, కూర్చోలేదు.

"రాకీ... క్లారా పేరు తీసెయ్యి నాయనా. వదినె, నీకు దండం పెడుత, క్లారాను నీళ్లలోకి దింపొద్దు. నా బిడ్డకు ఫిట్స్ ఉన్నయి."

రాబిన్ మెల్లగా తల తిప్పి భార్యను చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడిన క్లారా ముఖంలో రక్తం లేదు. రాబిన్ చూపును దయావతి గమనించింది. ఆ క్షణంలోనే, ముందెన్నడూ అనుకోని మాట ఆమె నోటి నుంచి వచ్చింది.

"క్లారా తప్పేం లేదు. అది చెప్తనే అన్నది. ముందటి సంబంధం పోయింది, ఇది కూడా పోతదని నేనే చెప్పనియ్యలే. ఒట్టు పెట్టించుకోని నోరు మూయించిన. పాపమంతా నాదే!"

జీవితంలో ఏనాడూ ఇంత పెద్ద అబద్ధం ఆడి ఎరగదు దయావతి! ఆడి, కూతురి వైపు చూసింది. క్లారా పెదవులు కదిలాయి. చెబుతుందా? 'కాదు, అమ్మ కాదు' అంటుందా? అనకూడదనే కదా తను అబద్ధమాడింది! అయినా తల్లి మనసు ఒక మూల ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసింది... క్లారా తల దించుకుంది.

ఎవాంజెలిన్ కుర్చీలోంచి లేచింది.

"జబ్బుంటే ఏమైతుండె వదినె? మనుషులకు జబ్బులు రావా? మేమేమన్న రాక్షసులమా?" అంటూనే ఏడ్చేసింది. "క్లారాను రాసెయ్యమని ఇప్పుడే గదా అన్న! నా నోటితోనే నా కోడలిని సముద్రంలకు తోస్తుంటి గదా! రేపు అక్కడ ఏమన్నయితే దేవుని ముందల నేను ఏమని జవాబు చెప్పుదును? బతుకంతా ఆ భారం నేను మోద్దునా? నీకు నోరెట్ల రాలే ఇన్ని రోజులు? పో వదినె... ఇగ నువ్వు మా గడప తొక్కకు!"

దయావతి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని బయటికి వచ్చింది. కూతురు గుమ్మం దాకా కూడా రాలేదు. రాబిన్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. కృపానందం ఒక్కడే బస్సు దాకా వచ్చాడు. బస్సు వచ్చాక, "చెల్లెమ్మా, బిడ్డ సంగతి మేం చూసుకుంటం. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు.

"మాత్రలు తప్పనియ్యకండి అన్నయ్యా... నిద్ర తప్పనియ్యకండి" అని మాత్రం అనగలిగింది ఆమె.

ఆ తర్వాత క్లారా నుంచి ఫోను లేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ప్రయాణం మానుకుంటారేమో అనుకుంది దయావతి. మానలేదు. రాకీ ఒక్క మెసేజ్ పెట్టాడు. నీళ్ల ఆటలన్నీ తీసేశామని, వదినను ఒంటరిగా వదలడం ఇష్టం లేక నాన్న అందరినీ రమ్మన్నాడని, అమ్మ తనే దగ్గరుండి మాత్రలు వేయిస్తోందని రాశాడు. అది చదివి దయావతి వెక్కి వెక్కి ఏడ్చింది. తనను గడప తొక్కొద్దన్న ఆ మనిషే, తన బిడ్డకు మాత్రలు వేయిస్తోంది! ప్రభువా, ఇంత మంచివాళ్ల దగ్గరనా మేం దాచింది?

గురువారం బడిలో భోజనం గంట కొట్టారు. పిల్లలు కుళాయిల దగ్గర కంచాలు కడుగుతున్నారు. దయావతి ఫోను మోగింది. రాబిన్! వెంటనే ఎత్తింది. మొదట మాట వినబడలేదు. ఒకటే హోరు. గాలి హోరు, నీళ్ల హోరు, దాని నడుమ ఎవరో ఆడమనిషి పెద్దగా ఏడుస్తున్న గొంతు!

"అత్తమ్మా! పడిపోయింది... క్లారా పడిపోయింది! నీళ్లల్లకు పోలే, ఒడ్డు మీదనే అమ్మతోని నిలవడ్డది... ఒక్కసారిగ ముఖం మీద పడ్డది, అల మీదికెళ్లి పోయింది! ఎత్తుకొచ్చి ఇసుకల పండవెట్టిన... కొట్టుకుంటున్నది అత్తమ్మా, ఏం చెయ్యాలె? ఏం చెయ్యాలె నేను?"

దయావతికి గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో, గట్టిగా వచ్చింది.

"రాబిన్, నా మాట ఇను. ముందుగాల ఒక పక్కకు తిప్పు. నోట్లోకెళ్లి నీళ్లు, ఉమ్ము బయటికి పోవాలె. తిప్పినవా?"

"తిప్పిన..."

"చేతులు గట్టిగ పట్టుకోకు. మెడ కాడ చున్నీ తీసెయ్యి. తల కింద ఏమన్న మెత్తగ పెట్టు."

"ఇక్కడెవరో నోట్లె చెంచా పెట్టమంటున్నరు... చేతిల తాళాలు పెట్టమంటున్నరు..."

"పెట్టనియ్యకు! నోట్లో ఏమీ పెట్టనియ్యకు! వాళ్లను జరగమను, గాలాడనియ్యి. రాకీని అంబులెన్సుకు ఫోను చెయ్యమను. నీళ్లు మింగిందేమో, ఆసుపత్రికి తీసుకపోవాలె. నువ్వు బిడ్డ ముఖమే చూడు. ఊపిరి ఆడుతున్నదా?"

"ఆడుతున్నది... గురక లెక్క వస్తున్నది..."

"అట్లనే వస్తది. భయపడకు నాయనా. తగ్గుతది. నేనున్న... ఫోను పెట్టకు, నేనిక్కడనే ఉన్న."

ఇక్కడనే ఉన్నా! ఎక్కడ సంగారెడ్డి, ఎక్కడ భీమిలి... కుళాయి గట్టు మీద కూలబడి, ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకుని, తానెప్పుడూ చూడని సముద్రపు హోరును వింటూ ఆ తల్లి ప్రాణాలు బిగబట్టుకుంది. చుట్టూ పిల్లలు భయంభయంగా నిలబడ్డారు. ఎంతసేపో తెలియదు. ఒక్కో అల విరిగిన చప్పుడు విన్నప్పుడల్లా అది బిడ్డ మీదికే వస్తున్నట్టనిపించింది. చివరికి రాబిన్ ఏడుస్తూ, "ఆగింది అత్తమ్మా... కండ్లు తెరుస్తున్నది..." అన్నాడు. అప్పుడు గానీ దయావతి ఏడవలేదు.

శనివారం పొద్దున వాళ్ల రైలు వస్తుందని రాకీ మెసేజ్‌లో చూసి లింగంపల్లి స్టేషనుకు పోయింది దయావతి. ఎవరూ రమ్మనలేదు. బిడ్డను దూరం నుంచి ఒక్కసారి చూసి వెనక్కి పోదామనుకుంది. ప్లాట్‌ఫారం మీద టీ కొట్టు పక్కన ఒదిగి నిలబడింది. రైలు ఆగింది. ముందు కృపానందం దిగాడు. వెనక ఎవాంజెలిన్, కోడలి నడుము చుట్టూ చేయి వేసి దింపింది. క్లారా నుదుటి మీద పట్టీ, పెదవి వాచి ఉంది. ఆ పిల్ల కళ్లు జనంలో వెతికి వెతికి తల్లి మీద ఆగాయి.

అంతే! అత్త చేయి విడిపించుకుని వచ్చి, అంతమందిలో తల్లి కాళ్ల మీద పడిపోయింది.

"అమ్మా... నేను చెప్పిన! ఆసుపత్రిల అందరికీ చెప్పిన! దాచమన్నది నేనే అని, నువ్వు వద్దన్నా నీ కాళ్లు పట్టుకున్నది నేనే అని చెప్పిన. ఆ రోజు నోరు తెరవలేకపోయినమ్మా... నిన్ను అట్ల పొమ్మంటుంటే చూసుకుంట నిలవడ్డ..."

"లే బిడ్డా, లే... నాకేం కాలే, నువ్వు బతికినవ్, గంతే చాలు..."

ఎవాంజెలిన్ దగ్గరికి వచ్చింది. దయావతి చేతులు రెండూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. "పాదాలు మునిగేటన్ని నీళ్లు కూడ లేవు వదినె! గా కొంచెం నీళ్లల్లనే ముఖం పెట్టి లేవలేకపోయింది నా కోడలు. నువ్వు ఆ రోజు చెప్పకపోతే అది నడి సముద్రంల ఉంటుండె. నా బిడ్డను బతికించిన నిన్ను నేను గడప తొక్కొద్దంటి... గా రోజు పాలు పొంగితే పిల్లను ఎన్ని మాటలన్ననో! నన్ను క్షమించు వదినె."

"తప్పు నాదీ ఉన్నది వదినె. బిడ్డ ఏడ్చిందని నేను ఊకోకూడదుండె" అంది దయావతి. ఇద్దరు తల్లులూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

రాబిన్ మాత్రం సామాన్ల దగ్గరే నిలబడ్డాడు. మనిషి రెండు రోజుల్లోనే చిక్కిపోయాడు. దయావతి దగ్గరికి పోతే తలవంచి దండం పెట్టాడు.

"ఆ రోజు ఫోన్ల మీరు లేకపోతే నేను పిచ్చోన్నయితుంటి అత్తమ్మా. మిమ్మల్ని మర్చిపోను" అని ఆగాడు. "కానీ... జబ్బు సంగతి కాదు. జబ్బుకు మందున్నది. మా అమ్మ మిమ్మల్ని ఎల్లగొడ్తుంటే క్లారా నోరు తెరవలే. కన్నతల్లి పక్కనే నిలవడనామె రేపు నా పక్కన నిలవడ్తదా? గదే సమజైతలేదు నాకు. జెర టైం కావాలె."

దయావతి కూతురి తరఫున ఏదో చెప్పబోయింది. క్లారా ఆపింది.

"వద్దమ్మా. ఈసారి నా గురించి నువ్వు చెప్పకు." భర్త ముందుకు వచ్చి నిలబడింది. కళ్ల నిండా నీళ్లు, అయినా తల దించలేదు. "నువ్వన్నది నిజమే. నేను అమ్మతోని సంగారెడ్డి పోత. నీ మనసు కుదుటపడ్డనాడు పిలువు, వస్త. పిలవకపోతే... ఎందుకని అడగ."

రాబిన్ ముఖం తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. కానీ 'ఉండు' అనలేదు. కృపానందం కొడుకు వీపు మీద చేయి వేసి నిలబడ్డాడు. ఆయన చెప్పుల్లో ఇంకా ఇసుక ఉంది. ఎన్నాళ్లో కలగన్న సముద్రం దగ్గరికి పోయి, దాని వైపు చూడటానికే భయపడి తిరిగొచ్చిన మనిషి ఆయన!

ఆటో మాట్లాడుకుని తల్లీ కూతుళ్లు ఎక్కారు. ఆటో కదలబోతుండగా ఎవాంజెలిన్ ఆపించి, తన సంచీ లోపలికి విసిరి, తానూ ఎక్కి కూర్చుంది!

"అమ్మా, నువ్వెక్కడికి?" అన్నాడు రాకీ తెల్లబోయి.

"వాడు భర్తగ టైం తీసుకుంటడేమో, నేను అత్తగ తీసుకోను. మీ నాయనకు వంటొచ్చు, మీరు తినుండ్రి. పోనియ్యి బాబూ."

సంగారెడ్డి ఇల్లు చేరేసరికి ఎండెక్కింది. ఇంత అన్నం తిని, మాత్ర వేసుకుని, క్లారా మంచం మీద వాలింది. పడుకునే ముందు ఫోను ఒకసారి తీసి చూసుకుని బోర్లించి పెట్టింది. ఆ పక్కన కూర్చుని ఎవాంజెలిన్ ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. వచ్చే ముందు ఏమన్నా తెలుస్తుందా? చూపు ఎట్లా మారుతుంది? ఏ పక్కకు తిప్పాలి? నిద్రలో వస్తే ఎట్లా తెలుస్తుంది? దయావతి అన్నీ చెప్పింది. ఇన్నేళ్లలో ఇవన్నీ మరొకరితో చెప్పుకోవడం ఆమెకు అదే మొదటిసారి! చెబుతూ చెబుతూ మధ్యలో కునుకు ఆపుకోలేక తల వాల్చింది, ఉలిక్కిపడి లేచి కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"ఎప్పటి సంది గిట్ల చూస్తున్నవ్ వదినె?" అంది ఎవాంజెలిన్ మెల్లగా.

"తొమ్మిదో తరగతి సంది."

ఎవాంజెలిన్ దిండు తెచ్చి కింద చాప మీద వేసింది. దయావతి భుజాలు పట్టి దాని మీద పడుకోబెట్టింది. తాను కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని, కోడలి ఊపిరి కనబడేట్టు కూర్చుంది.

"నువ్వు పండుకో. ఇయ్యాల నేను చూస్త."

రాబిన్ పిలుస్తాడో లేదో... ఆ పిలుపు రేపు వస్తుందో, అసలు రాదో, ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు. అయినా దయావతి కళ్లు మూసుకుంది. ఆ మధ్యాహ్నం, బిడ్డ పక్కనే ఉండగా, ఆమెకు గాఢంగా నిద్ర పట్టింది.